పువ్వు అడిగిన చలి

మనము ప్రేమించువారికి ఏమి ఇయ్యవలెను? మనయొద్ద ఉన్నవాటిలో శ్రేష్ఠమైనదియా, లేక వారికి అవసరమైనదియా? ఈ రెండును ఒక్కటే అని మనలో అనేకులము అనుకొందుము. నేనును చాలకాలము అట్లే అనుకొంటిని. అట్లు కాదని నాకు మొదట నేర్పినది ఏ పండితుడును కాదు. ఒక పూలకుండీ.

అనేక సంవత్సరముల క్రిందట ఈస్టరు సెలవులలో నేను కొడైకెనాలు కొండకు వెళ్లితిని. ఆ ఊరు సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఊళ్లలో ఎండలు ముదురుచుండగా అక్కడ సాయంకాలము దుప్పటి కప్పుకొనవలసి వచ్చెను. ఒక తోటలో సింబిడియమ్ అను ఆర్కిడ్డు మొక్క నా కంటబడెను. కత్తులవంటి పొడుగాటి ఆకుల నడుమనుండి ఒక కాడ వంగియుండెను. ఆ కాడకు పది పన్నెండు పూలు, మైనముతో పోతపోసినట్లు, వరుసగా నిలిచియుండెను. నాకు దానిని విడిచి రాబుద్ధి కాలేదు. అక్కడి ముసలి తోటమాలి అరవములో నాతో, “అయ్యా, పూలకాడ కోసి ఇచ్చెదను, తీసికొనిపొండి. మొక్కను మాత్రము ఇక్కడే ఉండనీయుడి,” అనెను. బేరమునకై అట్లనుచున్నాడని తలంచి, అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చి మొక్కనే తెచ్చుకొంటిని.

గోదావరి జిల్లాలోని మా పట్టణములో దానికి నేను చేయని సేవ లేదు. పశువుల ఎరువు కలిపిన నల్లమట్టి తెచ్చి కుండీ నింపితిని. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము నీళ్లు పోసితిని. వడగాలి తగులకుండ వసారాకు తడికలు కట్టి, గాలి చొరకుండ మూసివేసితిని. పూలు వాడెను. ఆకులు పసుపుబారెను. వేళ్లు కుళ్లి, జూన్ నెల సగము గడవకమునుపే మొక్క చచ్చెను. “మీరు దానికి చేయవలసినదంతయు చేసితిరి గదా,” అని నా భార్య నన్ను ఓదార్చెను. ఆ మాట అప్పుడు నాకు తృప్తి కలిగించెను. తరువాత ఆ మొక్కలనుగూర్చి తెలిసికొన్నప్పుడు అదే మాట ముల్లువలె గుచ్చెను. నేను చేసిన ప్రతి సేవయు దానిని చంపుటకు తోడ్పడినదే.

ఈ మొక్కల సంగతి కొంచెము చెప్పెదను. మామిడిచెట్టుమీద పెరుగు బదనిక మన పల్లెలలో అందరికిని తెలిసినదే. అది చెట్టు కొమ్మలోనికి వేళ్లు దింపి చెట్టు రసమును త్రాగును. కొన్ని ఆర్కిడ్లును చెట్లమీదనే నివసించును, అయితే అవి చెట్టునుండి ఏమియు దొంగిలవు. నిలుచుటకు చోటు మాత్రము తీసికొని, వాననీటిని, మంచును, ఆకుల దుమ్మును ఆధారము చేసికొని బ్రదుకును. వాటి వేళ్లచుట్టు తెల్లని దూదివంటి పొర యుండును. నీరు పడగానే ఆ పొర దానిని పీల్చుకొని పచ్చబడును, ఆరగానే మరల తెల్లబడును. ఆ వేళ్లకు తడియు కావలెను, గాలియు కావలెను. అట్టివాటిని బరువైన నల్లమట్టిలో పూడ్చి మూడుపూటల నీరు పోయుట, ఊపిరి పీల్చువాని ముక్కు మూసి అన్నము పెట్టుట వంటిది.

చల్లని దేశపు ఆర్కిడ్లకు ఇంకొక అక్కర కలదు. సుమారు వెయ్యి మీటర్లు పైకి ఎక్కిన కొలది గాలి ఆరు డిగ్రీలకు మించి చల్లబడును. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములమీద రెండు వేలు, మూడు వేల మీటర్ల ఎత్తున మేఘములు చెట్ల కొమ్మలను తాకుచు పోవు అడవులు ఉన్నవి. మాస్‌డెవాలియా, ఓడంటోగ్లాసమ్ మొదలగు జాతులు అక్కడివి. అక్కడ మండుటెండ లేదు, గడ్డకట్టించు చలియు లేదు. పగలు వెచ్చగానుండి రాత్రి చల్లబడుచుండును. మొక్క పగటి వెలుగులో ఆహారము చేసికొనును. రాత్రి దానిలో కొంత ఊపిరికై ఖర్చుపెట్టును. రాత్రి చల్లగా ఉన్నయెడల ఖర్చు తక్కువ, మిగిలినది ఎదుగుదలకు పోవును. రాత్రియు వేడిగానే ఉన్నయెడల పగలంతయు సంపాదించినది రాత్రి కరిగిపోవును. నా సింబిడియమునకు పూలకాడ వేయుటకే చల్లని రాత్రులు అవసరము. మా పట్టణములో వేసవి రాత్రి వసారాలో నేనే నిద్రపట్టక విసనకఱ్ఱ విసరుకొనుచుంటిని. ఆ మొక్క రాత్రికి రాత్రి తన్ను తాను తినుచుండెను. నేను దానికి నీరిచ్చితిని, ఎరువిచ్చితిని, నీడనిచ్చితిని. అది అడిగినది చల్లని రాత్రి. అది నాయొద్ద లేదు.

ఈ తప్పు నేనొక్కడనే చేయలేదు. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగములో ఇంగ్లండు దేశపు ధనవంతులు ఈ పూల వెఱ్ఱిలో పడిరి. ఆర్కిడ్లన్నియు ఉక్కపోయు అడవులనుండియే వచ్చునని వారు తలంచి, గాజుటిండ్లు కట్టి, పొయ్యిలు రగిల్చి, కిటికీలు మూసి, ఆవిరితో నింపి వాటిలో మొక్కలను పెట్టిరి. పర్వతముల చలిలో పుట్టిన మొక్కలు ఆ వేడిలో వేలకొలది చచ్చెను. ఇంగ్లండు దేశము ఈ మొక్కల శ్మశానమని తోటపని తెలిసిన పెద్దలే చెప్పుకొనిరి. చంపినవారు మొక్కలను ద్వేషించినవారు కారు. ఒక్కొక్క మొక్కకు గొప్ప ధర పోసినవారే.

తరువాత కొందరు తలుపులు తీయ నేర్చుకొనిరి. డెవన్‌షైర్ ప్రభువుయొక్క చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ ప్యాక్స్‌టన్ అను తోటమాలి గాలి ఆడనిచ్చి, నేల తడిపి, ఒక్కొక్క జాతికి తగిన వేడిమి ఉంచెను. అతడు జాన్ గిబ్సన్ అను పనివానిని మన దేశమునకు పంపగా, గిబ్సన్ 1830లలో ఖాసీ కొండలనుండి అనేక ఆర్కిడ్లను కొనిపోయెను. 1864లో జేమ్స్ బేట్‌మన్ అను భక్తిగల ధనికుడు చల్లని ఆర్కిడ్లను పెంచు విధమునుగూర్చి ఒక పుస్తకము ప్రచురించెను. పొయ్యి ఆర్పి, తలుపు తీసినప్పుడు, అంతవరకు చచ్చుచుండిన మొక్కలు బ్రదుకనారంభించెను. ఎక్కువ ఇచ్చుటవలన కాదు, తమకిష్టమైన దానిని ఇచ్చుట మానుటవలన వారు గెలిచిరి.

నేడు చల్లని దేశములలో ఇండ్లయందు ఈ మొక్కలను పెంచువారు అనుసరించు పద్ధతి కష్టమైనది కాదు, అయితే మెలకువ గలది. వారు మొట్టమొదట కొనునది ఎరువు కాదు, థర్మామీటరు. రాత్రివేళ 10 మొదలు 13 డిగ్రీల సెంటిగ్రేడు వరకు, పగలు వీలైనంతవరకు 25 డిగ్రీలకు మించకుండ చూచెదరు. వేసవిలో గాజుపైన నీడగుడ్డ పరచి, నేలమీద నీళ్లు చల్లి, చిన్న పంకా రేయింబవళ్లు తిరుగనిత్తురు, ఏలయనగా నిలిచిన గాలిలో తడి తెగులుగా మారును. మట్టికి బదులు చెట్టు బెరడు ముక్కలు గాని నాచు గాని వాడెదరు. అది రెండేండ్లలో మెత్తబడి వేళ్లకు ఊపిరాడనియ్యదు గనుక క్రొత్తది మార్చెదరు. ఉప్పు తగిలిన నీరు వేళ్లను కాల్చును గనుక వాననీరు పట్టియుంచెదరు. ఎరువు చాల పలుచగా పోయుదురు. హిమాలయములనుండి వచ్చిన సీలోజైన్ క్రిస్టేటా అను తెల్లపూల మొక్కకు చలికాలములో నీళ్లు బాగుగా తగ్గించెదరు. అప్పుడు దాని దుంపలు కొంచెము ముడుతపడును. తెలియనివాడు జాలిపడి నీళ్లు పోయును. తెలిసినవాడు ఆ ముడుతను ఓర్చుకొనును. అది మొక్కకు విశ్రాంతికాలము. ఆ విశ్రాంతిలోనుండి పువ్వు వచ్చును.

ప్రియ చదువరీ, ఈ మాటవద్ద కొంచెము నిలువుము. ఓర్చుకొనుటయు ప్రేమయే. నీళ్లచెంబు చేతిలో ఉండగా పోయక నిలుచుట పోయుటకంటె కష్టము. మనము చేయు మేలులలో ఎన్ని, ఎదుటివాని దాహము తీర్చుటకు? ఎన్ని, మన చేతి చెంబు బరువు దించుకొనుటకు?

ఈ తప్పునకు వేరు ఎక్కడ ఉన్నది? సృష్టి అంతయు నాకొరకే అను తలంపులో ఉన్నదని నేను అనుకొనుచున్నాను. పైన చెప్పిన బేట్‌మన్ దేవుని యెడల భయభక్తులు గలవాడు. ఈ పువ్వుల అందము మానవుని మనస్సును ఊరడించుటకే కలిగించబడెనని అతడు నమ్మి వ్రాసెను. అయితే అతని చేతిమీదుగానే వేరొక పాఠమును వెలువడెను. 1862 జనవరిలో అతడు మడగాస్కరు దీవినుండి వచ్చిన ఆర్కిడ్డు పూలను డార్విన్ పండితునికి పంపెను. నక్షత్రమువంటి ఆ తెల్లని పువ్వు వెనుక సుమారు అడుగు పొడుగున సన్నని గొట్టము వ్రేలాడుచుండెను. దాని అట్టడుగున మాత్రమే తేనె యుండెను. ఇంత పొడుగాటి నాలుక గల రెక్కలపురుగు ఒకటి ఆ దీవిలో ఉండితీరవలెనని డార్విన్ అదే సంవత్సరము వ్రాసెను. కొందరు నవ్విరి. డార్విన్ ఆ పురుగును చూడకయే 1882లో మరణించెను. 1903లో ఆ పురుగు దొరకినదని ఇద్దరు పండితులు దానిని వర్ణించి పేరు పెట్టిరి.

ఆ పువ్వు ఎవరికొరకు? మనము చూచి సంతోషించుటకు అది మనకు అడ్డు చెప్పదు. కాని మానవుడు చూచినను చూడకున్నను, చీకటిలో ఒక పురుగునకై అది తన తేనెను దాచియుంచినది. దానికి తనదైన పని యున్నది, తనదైన స్నేహితుడు ఉన్నాడు. పొలములోని పూలను చూడుమని మన ప్రభువు చెప్పెను గాని, పెరికి తెచ్చుకొనుమని చెప్పలేదు.

పెరికినవారి కథ విచారకరమైనది. కొలంబియా దేశపు కొండలలో ఓడంటోగ్లాసమ్ క్రిస్పమ్ అను మిక్కిలి అందమైన తెల్లపూల ఆర్కిడ్డు కలదు. దానికై వెళ్లిన ఆల్బర్ట్ మిలికన్ అను వేటగాడు 1891లో ప్రచురించిన తన పుస్తకములో, రెండు నెలల పనిలో సుమారు 10,000 మొక్కలు సేకరించుటకు సుమారు 4,000 చెట్లను నరికించినట్లు తానే వ్రాసికొనెను. చెట్టెక్కుటకంటె చెట్టు కొట్టుట సులభము గదా! కోసిన చేతులు ఆ కూలివారివి, కోరిన కన్నులు సముద్రమునకు ఆవలి గాజుటిండ్లలో ఉండెను.

దీనికి విరుగుడు ఓపికనుండి వచ్చెను. ఆర్కిడ్డు విత్తనము ధూళివంటిది. మొలకెత్తుటకు కావలసిన ఆహారము దానిలో లేదు. అడవిలో ఒక సన్నని బూజు దానికి తిండి అందించును. 1922లో అమెరికా దేశపు లూయిస్ నడ్సన్ అను పండితుడు, ఆ బూజు లేకయే, చక్కెరయు లవణములును కలిపిన జెల్లీమీద గాజుబుడ్డిలో ఆ విత్తనములను మొలిపించు విధమును వెల్లడిచేసెను. అప్పటినుండి అడవిని దోచుకొనకయే ఈ పూలను పొందుటకు దారి ఏర్పడెను. అయితే విత్తనమునుండి పువ్వు చూచుటకు ఎన్నో యేండ్లు కనిపెట్టుకొని యుండవలెను. 1975లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక అడవి ఆర్కిడ్లను దేశమునుండి దేశమునకు అమ్ముటను కట్టుదిట్టము చేసినది. గొడ్డలికి బదులు ఓపిక. ప్రేమ ఎక్కడనైనను చేయవలసిన మార్పిడి ఇదియే.

ఇక్కడ ఒకడు నన్ను అడుగవచ్చును: “అట్లయిన, ఎవరిని ఉన్నచోటనుండి కదల్పరాదా? పిల్లవాడు బడికి పోనని ఏడ్చినచో ఇంటనే ఉంచవలెనా? రోగి మందు వద్దన్నచో మానవలెనా?” ఇది న్యాయమైన ప్రశ్న. కోరిక వేరు, అక్కర వేరు. నా మొక్కకు నోరు లేదు. అది దేనిని కోరలేదు, కాని దాని అక్కర దాని వేళ్లలోను ఆకులలోను వ్రాయబడియుండెను. నేను చదువలేదు. పిల్లవాని ఏడ్పునకు లోబడుట ప్రేమ కాదు, అతని అక్కరను చదువుటయే ప్రేమ. ఆ చదువునకు కాలము పట్టును. మన యిష్టమును పక్కన పెట్టినగాని అక్షరములు కనబడవు.

ఇప్పుడు నేను దాచుకొన్న సంగతి చెప్పెదను. మా తండ్రిగారు చనిపోయిన తరువాత మా అమ్మను పల్లెనుండి మా యింటికి తీసికొనివచ్చితిని. ఆమెకు గాలి వచ్చు గది ఇచ్చితిని, మెత్తని పరుపు వేయించితిని, వేళకు పాలు, వేళకు మందు. ఆమె చీపురు పట్టుకొన్న, “మీరు కూర్చోండి అత్తయ్యగారూ,” అని నా భార్య అందుకొనును. ఆమె బియ్యము చేటలో పోసికొన్న, “నీకెందుకమ్మా ఈ శ్రమ,” అని నేను లాగుకొందును. ఊరివారందరు మమ్మును మెచ్చుకొనిరి. ఆమె రోజురోజునకు చిక్కిపోయెను. ఒకనాడు దొడ్డిగుమ్మములో కూర్చుండి నాతో, “నాయనా, ఇక్కడ నాకేమి తక్కువ? ఏమియు తక్కువ లేదు. అయితే ఇక్కడ నేను ఎవరికిని అక్కరలేదు,” అనెను.

పల్లెలో ఆమె తెల్లవారకముందే లేచి మజ్జిగ చిలికి నలుగురికి పోయును. శనివారము సాయంకాలము గుడి ముంగిలి ఊడ్చి ముగ్గు వేయును. పురిటిండ్లకు పిలువకయే పోవును. అదియే ఆమె కొండగాలి. నేను దానిని తీసివేసి దాని స్థలమున పాలు, పరుపు పెట్టితిని. ఆమె మాట విన్నప్పుడు, ఎందుకో, నా వసారాలోని ఆ కుండీ కన్నులయెదుట నిలిచెను.

ఆమె కోరగా పల్లెకు పంపితిని. రెండేండ్లు మరల ఆమెగానే బ్రదికెను. ఒక వానాకాలపు రాత్రి జబ్బుచేసెను. వాగు పొంగి దారి తెగెను. నేను చేరకమునుపే కన్నుమూసెను. నాయొద్ద ఉండినయెడల వైద్యుడు అరగంటలో వచ్చియుండును. పంపుట తప్పా? ఉంచుట తప్పా? ఈ ప్రశ్నతో నేను అనేక రాత్రులు మేలుకొంటిని.

ఇప్పుడు నాకు తోచునది ఇది. నాకు రెండే దారులున్నవని నేను తలంచితిని: నా వేడిలో ఉంచుకొనుట, లేదా కొండమీద విడిచిపెట్టుట. మూడవ దారిని ఆ గాజుటింటి తోటమాలి ఎరుగును. అతడు మొక్కను తన యింటికి తెచ్చినప్పుడు మొక్కను మార్చడు, తన యింటిని మార్చును. నేను మా అమ్మకు వంటింటి తాళపుచెవి ఇచ్చియుండవలసినది. చిన్నవానిని ఆమె ఒడిలో పెట్టి, “నీవే పెంచుమమ్మా,” అని యుండవలసినది. వీధిలోని పురిటింటికి ఆమెను నడిపించియుండవలసినది. మేము చూపిన మర్యాదయే ఆమె తలుపులు మూసెను. మేము ఆమెకు ఇయ్యనిది ఒక్కటే: మాకు ఆమె అక్కర.

ప్రియులారా, మన యిండ్లలో ఇట్టి కుండీలు ఎన్ని ఉన్నవో చూచుకొందము. వేరే ఊరినుండి వచ్చిన కోడలు వేళకు తిండి, పండుగకు చీర పొందుచున్నది. ఆమె మాటకు ఈ యింట చోటున్నదా? హాస్టలులో ఉన్న కుమారునికి నెలనెల పైకము పంపుచున్నాము. అతడు వచ్చిన రోజున అతని ముఖము చూచి కూర్చుండుచున్నామా? మంచాన ఉన్న తాతకు గంజి అందుచున్నది. ఊరి సంగతి ఒకటి ఆయనను సలహా అడుగుచున్నామా? ఎరువు చాలును. నీరు చాలును. చలి ఏదో కనుగొనవలెను.

కొడైకెనాలు పూలనుగూర్చిన ఆశ నేను విడిచిపెట్టితిని. నా దొడ్డిలోని మామిడిచెట్టుమీద మన మైదానపు ఆర్కిడ్డు ఒకటి, వాండా జాతిది, తానే పెరుగుచున్నది. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1795లో తన కోరమండలు మొక్కల పుస్తకములో దాని బొమ్మ వేయించెను. గోధుమరంగు గళ్ల పువ్వు, ఊదారంగు పెదవి. నేను దానికి ఎరువు వేయలేదు, కుండీ పెట్టలేదు. మామిడికొమ్మను కొట్టకుండ కాపాడుట ఒక్కటే నా సేవ. అది వేసవిలో పూచును.

ఈ రాత్రి దీపము ఆర్పకముందు మీ యింటివారిలో ఒకరి దగ్గర కూర్చుండుడి. వారికి ఇంకేమి ఇయ్యవలెనని ఆలోచింపకుడి. “నీకు ఇక్కడ ఎట్లున్నది?” అని అడుగుడి. అడిగి, జవాబు వచ్చువరకు ఊరకుండుడి.